పాత సైకిల్‌ను బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ఏప్రిల్ వచ్చేసరికి షికాగో శివారులోని షామ్‌బర్గ్ చుట్టుపక్కల సైకిల్ షాపులకు ఊపిరాడదు. చలికాలమంతా గరాజు గోడకు ఆనుకుని నిద్రపోయిన మౌంటెన్ బైకులన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. చైను తుప్పు పట్టి ఉంటుంది. ముందు ఫోర్క్ నొక్కితే దిగదు, దిగితే లేవదు. ఒక గేరు మారిస్తే రెండు గేర్లు దూకుతాయి. మెకానిక్ సైకిల్‌ను స్టాండుకెక్కించి, చైను కొలిచి, చక్రాలు తిప్పి చూసి, చివరికి ఒక అంకె చెబుతాడు. చాలాసార్లు అది యజమాని అనుకున్నదానికి రెండింతలు ఉంటుంది. అంత పెడితే కొత్తదే రాదా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. అలాగని జవాబు దొరకని ప్రశ్న కూడా కాదు. ఆ సైకిల్ ఏ బాటల మీద తిరుగుతోంది, దాని ఫ్రేమ్ ఏ కాలానిది, పెట్టబోయే డబ్బు ఏ భాగాల మీదకు వెళ్తోంది అన్న మూడు సంగతులు తేలితే నిర్ణయం సులువవుతుంది. వందల డాలర్ల వ్యవహారం కాబట్టి వాటిని ఓపికగా తేల్చుకోవడం మంచిది.

బాటను బట్టి బండి

షామ్‌బర్గ్ 1956లో గ్రామంగా ఏర్పడింది. 1971లో ఉడ్‌ఫీల్డ్ మాల్ తెరుచుకున్నాక షికాగో వాయవ్య శివార్లలో పెద్ద వ్యాపార కేంద్రంగా ఎదిగింది. ఆఫీసుల వెంట ఉద్యోగులు వచ్చారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. రోడ్ల పక్కన సైకిళ్ల కోసం ప్రత్యేకంగా బాటలు వేయడంలో ఈ ఊరు ముందునుంచీ శ్రద్ధ చూపింది. సైకిల్ తొక్కేవారికి అనువైన ఊళ్లను గుర్తించే లీగ్ ఆఫ్ అమెరికన్ బైసైక్లిస్ట్స్ సంస్థ 2003లో షామ్‌బర్గ్‌ను ఆ జాబితాలో చేర్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆ గుర్తింపు మొదట పొందిన ఊరు ఇదే.

ఊరికి తూర్పున హైవే దాటితే బస్సీ వుడ్స్ వస్తుంది. కుక్ కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్స్ పరిధిలోని ఈ అడవిలో చెరువు చుట్టూ, చెట్ల మధ్య 10 మైళ్లకు పైగా తారు బాట ఉంది. 1925లో ఎల్లోస్టోన్ ప్రాంతం నుంచి తెచ్చిన ఎల్క్ జింకలకు ఇక్కడ కంచె వేసి చోటిచ్చారు. ఆ మంద నేటికీ ఉంది. శని, ఆదివారాల్లో పిల్లాపాపలతో సైకిళ్లేసుకుని వచ్చే కుటుంబాలకు ఇది ఇష్టమైన చోటు. అయితే ఈ బాటకు మౌంటెన్ బైకు అవసరమే లేదు. ఇక్కడ తిరిగే సైకిల్‌కు ఖరీదైన ఫోర్క్ వేయించినా తొక్కేవారికి పెద్దగా తేడా తెలియదు.

ఉత్తరాన పాలటైన్ దగ్గర డీర్ గ్రోవ్ ఉంది. కుక్ కౌంటీ 1916లో సేకరించిన మొట్టమొదటి రక్షిత అడవి ఇది. ఇక్కడ తారు బాటతోపాటు వేర్లు, మట్టి దిబ్బలు, చిన్న ఎత్తుపల్లాలున్న సన్నబాటలు కూడా ఉన్నాయి. వాయవ్యాన కార్పెంటర్స్‌విల్‌లో రేస్‌వే వుడ్స్ ఉంది. 1958లో కార్ల పందేల కోసం తెరిచిన మెడోడేల్ ట్రాక్ మూతపడ్డాక, ఆ స్థలమే చెట్లు అల్లుకుని సైకిల్ బాటలకు నెలవైంది. షికాగోకు నైరుతి దిక్కున పాలోస్ అడవులు ఇంకా గట్టి పరీక్ష పెడతాయి. హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన గుట్టలు, లోయలు అక్కడ ఉన్నాయి. బల్లపరుపు ఇల్లినాయ్‌లో అంతటి ఎక్కుడు, దిగుడు దొరకడం అరుదు. సరిహద్దు దాటి విస్కాన్సిన్‌లోకి వెళ్తే కెటిల్ మొరెయిన్ అడవిలో జాన్ మ్యూర్, ఎమ్మా కార్లిన్ పేర్లతో మౌంటెన్ బైకుల కోసమే తీర్చిన బాటలున్నాయి.

సైకిల్ నెలకు ఎన్నిసార్లు, వీటిలో ఏ బాట మీదకు వెళ్తోంది అన్నదే మొదటి లెక్క. బస్సీ వుడ్స్‌లోనే తిరిగే సైకిల్‌కు మంచి సర్వీసింగు చాలు. డీర్ గ్రోవ్ దాకా వెళ్తుంటే కొన్ని భాగాలు మార్చుకోవచ్చు. పాలోస్, కెటిల్ మొరెయిన్ అలవాటైపోయి, ప్రతి దిగుడులోనూ గుండె జారుతుంటే కొత్త సైకిల్ ఆలోచన న్యాయమైనదే.

షికాగో ఫ్రేమ్‌తో పుట్టిన ఆట

మౌంటెన్ బైకు పుట్టుక కూడా పాతదాన్ని బాగుచేయాలా, కొత్తది తేవాలా అన్న ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉంది. అందులో షికాగోకు భాగముంది.

1895లో ఇగ్నాజ్ ష్విన్, అడాల్ఫ్ ఆర్నాల్డ్ కలిసి షికాగోలో ష్విన్ కంపెనీ పెట్టారు. 1930లలో, 40ల తొలినాళ్లలో ఆ కంపెనీ లావు టైర్లతో బరువైన, మొండి సైకిళ్లు చేసింది. మూడు, నాలుగు దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఆ పాత సైకిళ్లను చవకగా కొని, మౌంట్ టామల్పాయిస్ పరిసరాల కొండ దారుల్లో దూకించడం మొదలుపెట్టారు. ష్విన్ ఎక్సెల్సియర్ ఫ్రేములంటే వారికి ప్రాణం. గ్యారీ ఫిషర్ వంటివారు వాటికి గేర్లు తగిలించారు, డ్రమ్ బ్రేకులు వేశారు, మోటార్‌సైకిల్ బ్రేకు లివర్లు పెట్టారు. దొరికిన భాగాన్నల్లా పాత ఫ్రేమ్‌కు అతికించి చూశారు.

1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక నిటారు దిగుడు మీద మొదటి పందెం జరిగింది. సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగులు కిందకు దిగే దారి అది. కిందకు చేరేసరికి వెనక హబ్ బ్రేకులో గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్లీ గ్రీజు కూరితేగాని సైకిల్ పనికొచ్చేది కాదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు నిలిచింది.

పాత ఫ్రేములు ఎంతకాలం తట్టుకుంటాయి? వంగాయి, విరిగాయి. ఎన్ని కొత్త భాగాలు తగిలించినా ఫ్రేమ్ బరువూ దాని కొలతలూ మారవని కుర్రాళ్లకు అర్థమైంది. 1977లో జో బ్రీజ్ క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, కొండ దారుల కోసమే కొత్త ఫ్రేమ్ కట్టాడు. ఆ మొదటి బ్రీజర్ నేడు స్మిత్సోనియన్ సంస్థ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ మౌంటెన్‌బైక్స్ పేరుతో కంపెనీ తెరిచారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఈ ఆట మామూలు దుకాణాల్లోకి వచ్చింది. ఈ కొత్త గాలిని ఆలస్యంగా పసిగట్టిన ష్విన్ 1992లో దివాలా తీసింది.

ఆ కుర్రాళ్లు నడిచిన వరస నేటికీ పనికొస్తుంది. ఫ్రేమ్ సహకరించినంత కాలం భాగాలు మార్చారు. ఇక ఫ్రేమే అడ్డం పడుతోందని తేలాక దాన్ని మార్చారు.

నాన్న సైకిల్‌కు సాగింది, దీనికెందుకు సాగదు?

తెలుగు ఊళ్లలో పెరిగినవారికి సైకిల్ అంటే ముప్ఫై ఏళ్లు నడిచే వస్తువు. హీరో అయినా అట్లాస్ అయినా నల్ల సైకిల్‌కు చక్రం 28 అంగుళాలే, బ్రేకులు ఇనప కడ్డీలవే. నరసరావుపేటలో కొన్న పెడల్ నల్గొండలోని సైకిల్‌కు పట్టేది. రోడ్డు పక్క షాపులో మెకానిక్ ఓవర్‌హాలింగ్ చేసి, చక్రానికి బెండు తీసి, బేరింగు గుండ్లు మార్చి, గ్రీజు పెట్టి ఇచ్చేవాడు. కంపెనీలు దశాబ్దాల పాటు కొలతలు మార్చలేదు కాబట్టే ఆ సైకిళ్లు తండ్రి నుంచి కొడుక్కి చేరాయి. వస్తువును పారేయకుండా బాగుచేసుకునే ఆ అలవాటు గొప్పది. అమెరికాలో మౌంటెన్ బైకు దగ్గరకొచ్చేసరికి అది కొలతల గోడకు తగులుతుంది.

చక్రాలనే తీసుకుంటే, రెండు దశాబ్దాలకు పైగా మౌంటెన్ బైకులు దాదాపు అన్నీ 26 అంగుళాల చక్రాలతోనే వచ్చాయి. 2000 తర్వాత 29 అంగుళాలవి వ్యాపించాయి, 2012, 13 నాటికి 27.5 వచ్చింది. ఇప్పుడు పెద్దల కోసం వచ్చే కొత్త మోడళ్లలో 26 దాదాపు కనబడదు. ఆ సైజులో మంచి టైర్ల రకాలు, ఫోర్కులు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

ఇరుసుల సంగతీ అంతే. పాతవాటికి లివరు తిప్పితే ఊడొచ్చే సన్నటి క్విక్ రిలీజ్ ఉండేది. ముందు 100 మిల్లీమీటర్లు, వెనక 135 మిల్లీమీటర్ల వెడల్పు. తర్వాత చక్రం మధ్యలోంచి దూసుకెళ్లే లావు ఇరుసులొచ్చాయి. వాటిలోనూ వెనక 142 వచ్చింది, 2014 నుంచి బూస్ట్ పేరుతో 148 వచ్చింది. పాత ఫ్రేమ్‌లో 148 వెడల్పున్న హబ్, అంటే చక్రం మధ్య భాగం, పట్టదు. అలాగే ఫోర్క్‌ను ఫ్రేమ్‌కు కలిపే గొట్టం ఒకప్పుడు పై నుంచి కింది దాకా ఒకే లావు. ఇప్పుడు కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. పాత ఫ్రేమ్‌లో చాలాసార్లు ఈ కొత్త ఫోర్క్ దూరదు.

గేర్లలో మార్పునకు కూడా షికాగోతో సంబంధముంది. 1987లో ఈ నగరంలోనే మొదలైన శ్రామ్ కంపెనీ 2012లో ముందు ఒకటే పళ్లచక్రం, వెనక 11 ఉండే పద్ధతిని మౌంటెన్ బైకుకు తెచ్చింది. 2016లో ఈగల్ పేరుతో వెనక 12 పెట్టింది. వెనక హబ్ మీద ఆ గేర్లు కూర్చోవాలంటే చాలా రకాలకు హబ్ బాడీ కూడా వేరేది కావాలి. షిమానో కంపెనీ 2018లో తన 12 గేర్ల కోసం ఇంకో రకం హబ్ బాడీ తెచ్చింది. శ్రామ్ 2019లో గేర్లు మార్చే డీరెయిలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్కకు ఒకే ఉమ్మడి కొలత ప్రతిపాదించింది. 2023లో ఆ కొలత ఉన్న ఫ్రేములకే నేరుగా బిగించే గేర్ల వ్యవస్థను విడుదల చేసింది. పాత ఫ్రేమ్ యజమాని ఈ వ్యవస్థను కొనాలనుకున్నా అది బిగించడానికి చోటే ఉండదు.

కొలతలన్నిటికన్నా లోతైన మార్పు ఫ్రేమ్ ఆకారంలో వచ్చింది. 1990ల సైకిల్‌లో ముందు ఫోర్క్ వాలు సుమారు 71 డిగ్రీలు ఉండేది, అంటే దాదాపు నిలువు. నేటి ట్రెయిల్ బైకుల్లో అది 65, 66 డిగ్రీలకు వాలింది. ముందు చక్రం రైడర్‌కు దూరంగా జరిగింది, ఫ్రేమ్ పొడవైంది, హ్యాండిల్ వెడల్పైంది, దాన్ని ఫోర్క్‌కు కలిపే స్టెమ్ పొట్టిదైంది. దిగుడులో ముందుకు పల్టీ కొడతామేమోనన్న భయం బాగా తగ్గింది. ఈ మార్పును పాత ఫ్రేమ్‌కు అంగడిలో కొని తగిలించలేం.

అరిగినవి వేరు, చాలనివి వేరు

చాలామంది సైకిల్ పాడైందనుకునేది నిజానికి అరిగిన చైను వల్ల. చైనులో 12 పూర్తి లింకులు కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. పిన్నులు అరిగేకొద్దీ అది సాగుతుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్లచక్రాలు కూడా ఆ సాగిన చైనుకు అనుగుణంగా అరిగిపోతాయి. అప్పుడు కొత్త చైను వేసినా దూకుతూనే ఉంటుంది. ఇంట్లో ఉక్కు స్కేలుతోనే కొలుచుకోవచ్చు. 11, 12 గేర్ల సైకిళ్లకు అర శాతం సాగగానే, 10 లేదా అంతకన్నా తక్కువ గేర్లవాటికి ముప్పావు శాతం సాగగానే చైను మార్చాలని పార్క్ టూల్ కంపెనీ చెబుతుంది. వేళకు మార్చిన చైను ఖర్చు కొన్ని పదుల డాలర్లు. మార్చకపోతే చైను, వెనక పళ్లచక్రాల గుత్తి అయిన క్యాసెట్, ముందు పళ్లచక్రం కలిపి బిల్లు అనేక రెట్లవుతుంది.

ఫోర్క్ కూడా అంతే. రాక్‌షాక్స్ కంపెనీ తన ఫోర్కుల కింది భాగాన్ని సుమారు 50 గంటల స్వారీకోసారి విప్పి, తుడిచి, నూనె మార్చమంటుంది. అలా ఒక్కసారీ విప్పని ఫోర్కులు ఎన్నో. సర్వీసింగు చేయిస్తే ప్రాణం లేచొచ్చే ఫోర్క్‌ను పాడైందని తీసిపారేస్తారు.

ఇల్లినాయ్‌లో దీనికి ఉప్పు తోడవుతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నీటితో కలిసి చైనును, బోల్టులను, కేబుళ్లను తినేస్తుంది. సీటు కడ్డీకి గ్రీజు పెట్టకపోతే ఫ్రేమ్‌లోనే బిగుసుకుపోతుంది. డిసెంబరులో తడిబాట మీద తిరిగొచ్చిన సైకిల్‌ను పొడిగుడ్డతో తుడిచి చైనుకు నూనె వేస్తే, ఏప్రిల్ బిల్లు బాగా తగ్గుతుంది.

అందుకే మెకానిక్ ఇచ్చే అంచనాను రెండుగా విడగొట్టమని అడగాలి. చైను, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్లు, బేరింగుల వంటి అరిగిన వస్తువుల ఖర్చు ఒకవైపు. ఈ ఖర్చు కొత్త సైకిల్‌కు కూడా రెండు, మూడేళ్లలో వచ్చేదే. దాన్ని చూసి పాత సైకిల్‌ను తప్పుపట్టడం సరికాదు. ఇక సైకిల్‌ను ఇప్పుడున్నదానికన్నా మెరుగైనదిగా చేయడానికయ్యే ఖర్చు రెండోవైపు. అసలు బేరం ఈ రెండోదాని మీదే.

డబ్బుకు తగిన ఫలితం ఎక్కడ

మెరుగుదలల్లో మొదటి చోటు టైర్లది. నేలకు తగిలేది అవే. మంచి రబ్బరుతో 2.3, 2.4 అంగుళాల వెడల్పున్న టైర్లు వేసి, ట్యూబు తీసేసి లోపల సీలెంట్ పోస్తే గాలి తక్కువ పెట్టుకోవచ్చు. టైరు వేరు మీదకు ఎక్కినప్పుడు జారకుండా పట్టుకుంటుంది, ముల్లు గుచ్చుకున్నా రంధ్రం దానంతటదే పూడుకుంటుంది. రిమ్ము దానికి అనువైనదై ఉండాలి, ఫ్రేమ్‌లో ఆ వెడల్పుకు చోటుండాలి. సీలెంట్‌ను కొన్ని నెలలకోసారి మళ్లీ పోయాలి.

తర్వాత బ్రేకులు. ఫ్రేమ్‌కూ ఫోర్క్‌కూ డిస్క్ బిగించే చోటుంటే, కేబుల్ డిస్కుల స్థానంలో హైడ్రాలిక్ బ్రేకులు వేయించడం వృథా పోదు. ఒక్క వేలితో ఆగే సైకిల్ ధైర్యాన్నిస్తుంది. డిస్కుకు చోటు లేని రిమ్ బ్రేకు ఫ్రేమ్ అయితే ఆ దారి మూసుకున్నట్టే.

హ్యాండిల్ మీద మీట నొక్కి బరువు వేస్తే సీటు కిందకు దిగే డ్రాపర్ పోస్టు మూడోది. రాక్‌షాక్స్ 2010లో రివర్బ్ విడుదల చేశాక ఇది అందరి నోళ్లలో నానింది. దిగుడులో సీటు అడ్డం లేకపోతే శరీరాన్ని వెనక్కి, కిందకి జరపొచ్చు. పాత సైకిల్‌కు కూడా ఇది సగం వయసు తగ్గిస్తుంది. అయితే ఫ్రేమ్ గొట్టం లోపలి వ్యాసం 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లలో ఏదో ముందే చూసుకోవాలి. పెడళ్లు, సీటు, చేతిపిడులు చవకైన మార్పులు, పైగా రేపు కొత్త సైకిల్ కొన్నా వెంట వస్తాయి.

ఇక్కడే ఒక మంచి కొలబద్ద దొరుకుతుంది. రేపు కొనబోయే సైకిల్‌కు కూడా పట్టే భాగం మీద పెట్టిన డబ్బు పోదు. ఈ ఒక్క పాత ఫ్రేమ్‌కే పట్టే ఖరీదైన భాగం మీద పెట్టింది ఆ ఫ్రేమ్‌తోపాటే పోతుంది. 26 అంగుళాల చక్రాల జత, సమాన లావు గొట్టం ఉన్న ఫోర్క్ ఈ రెండో కోవలోవి.

కాగితం మీద ఒక లెక్క

2012లో కొన్న ఒక మామూలు హార్డ్‌టెయిల్‌ను, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్‌ను, ఊహించుకుందాం. 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు, వెనక తొమ్మిది గేర్లు, స్ప్రింగు ఫోర్క్, కేబుల్ డిస్క్ బ్రేకులు. దాన్ని పాలోస్‌కు సిద్ధం చేయాలని యజమాని ఆశ. ధరలు బ్రాండును బట్టీ రోజును బట్టీ మారతాయి. స్థూలంగా చూస్తే టైర్ల జత నూరు డాలర్ల పైమాట. హైడ్రాలిక్ బ్రేకులు 150 నుంచి 250. డ్రాపర్ పోస్టు మరో 150 నుంచి 250. ముందు ఒక్క పళ్లచక్రానికి మార్చి గేర్లన్నీ కొత్తవి వేస్తే 200 నుంచి 300. గాలితో పనిచేసే మంచి ఫోర్క్ 400 నుంచి 600, అదీ ఆ పాత కొలతలో దొరికితే. కూలీ, కుక్ కౌంటీలో పది శాతం దరిదాపుల్లో ఉండే అమ్మకపు పన్ను కలిపితే మొత్తం వెయ్యి దాటిపోతుంది.

ఈ భాగాలన్నీ ఫ్యాక్టరీ నుంచే అమర్చి వచ్చే కొత్త హార్డ్‌టెయిల్ వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్ల మధ్య దొరుకుతుంది. కంపెనీలు భాగాలను వేల సంఖ్యలో కొంటాయి కాబట్టి విడివిడిగా కొనేవారికి ఆ ధర రాదు. కొత్త ఫ్రేమ్, కొత్త కొలతలు, వారంటీ అదనం. ఇక్కడ మొత్తం మార్చడం కంటే కొత్తది కొనడమే తెలివి.

అదే సైకిల్‌కు టైర్లు, చైను, క్యాసెట్, ఫోర్క్ సర్వీసింగు మాత్రమే చేయిస్తే మూడు, నాలుగు వందల్లో తేలిపోతుంది. డీర్ గ్రోవ్‌లో అది ఇంకో నాలుగేళ్లు హాయిగా తిరుగుతుంది. మధ్యదారి ప్రమాదకరం. ఈ ఏడాది ఫోర్క్, వచ్చే ఏడాది చక్రాలు, ఆపై గేర్లు అంటూ వాయిదాల్లో ఖర్చు పెట్టేవారికి మొత్తం ఎంతయిందో తెలియదు. అందుకే మొదటి భాగం కొనేముందే చివరి భాగం దాకా కాగితం మీద రాసుకోవాలి.

సూపర్‌మార్కెట్లో మూడు వందల లోపు కొన్న సైకిల్ అయితే లెక్క ఇంకా చిన్నది. వాటిలో చాలావాటికి వెనక మరబిగింపు ఫ్రీవీల్ ఉంటుంది. గట్టిగా దూకితే ఇరుసు వంగుతుంది. వాటిని ఊరి బాటల మీద తొక్కుకుంటూ, బ్రేకులూ చైనూ చూసుకుంటే చాలు.

మార్చక తప్పనప్పుడు

కొన్ని సందర్భాల్లో లెక్కతో పనిలేదు. సైకిల్‌ను శుభ్రంగా కడిగి మంచి వెలుతురులో ముందు గొట్టం అతుకుల దగ్గర, పెడళ్ల ఇరుసు చుట్టూ, సీటు గొట్టం కింద, వెనక చక్రానికి వెళ్లే సన్న గొట్టాల మీద చూడాలి. అల్యూమినియంలో వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ఫ్రేమ్ మీద మళ్లీ అడవిలోకి వెళ్లకూడదు. అల్యూమినియం అలసి పగులుతుంది, ఒకసారి మొదలైన పగులు ఆగదు. కార్బన్ ఫ్రేమ్‌కు గట్టి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా తెలిసినవారికి చూపించాలి.

సైజు సరిపోకపోవడం రెండోది. స్నేహితుడు ఇండియా వెళ్లిపోతూ ఇచ్చిన సైకిల్, సేల్‌లో మిగిలిన ఒకే ఒక్క సైజు, ఇలా చాలామంది తమ ఎత్తుకు తగని ఫ్రేమ్ మీద ఏళ్లపాటు నడుము నొప్పితో తొక్కుతారు. స్టెమ్, సీటు మార్చి కొద్దిగా సర్దుకోవచ్చు. రెండు సైజుల తేడాను ఏ భాగమూ పూడ్చలేదు.

హార్డ్‌టెయిల్ నుంచి వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిల్‌కు మారాలనుకోవడం మూడోది. దీనికి కొత్త సైకిలే దారి, పేరున్న కంపెనీలవి రెండు వేల డాలర్ల దరిదాపుల్లో మొదలవుతాయి. తుది మాట చెప్పేముందు ఒకరోజు అద్దెకో, డెమోకో తెచ్చుకుని తాను రోజూ వెళ్లే బాట మీదే తొక్కి చూడటం మేలు. షాపు పార్కింగ్ స్థలంలో ఏ కొత్త సైకిలైనా బాగానే ఉంటుంది.

హైదరాబాద్‌లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతోంది. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ తెరుచుకుంది. గేర్ల సైకిళ్లు, మౌంటెన్ బైకులు కొన్న ఐటీ ఉద్యోగులు అక్కడా చాలామందే ఉన్నారు. నున్నటి ట్రాక్ మీద తిరిగే మౌంటెన్ బైకుకు నున్నని టైర్లు వేస్తే చాలు, కొత్త సైకిల్ అక్కర్లేదు. దిగుమతి సుంకాల వల్ల మంచి ఫోర్కులు, గేర్లు ఇండియాలో ఇంకా ప్రియం కాబట్టి చైను కొలిచే అలవాటు అక్కడ మరింత లాభం.

కొనేవేళ, వదిలేవేళ

2020లో కరోనా మొదలయ్యాక అమెరికాలో సైకిళ్లు దొరక్క జనం నెలలు ఎదురుచూశారు. కంపెనీలు భారీగా ఆర్డర్లు పెట్టాయి, అవి వచ్చేసరికి గిరాకీ చల్లారింది. 2023, 24లలో గోదాములు నిండి పెద్ద తగ్గింపులు వచ్చాయి. ఆ ఊపు ఎప్పుడూ ఉండదు గానీ, ఆకురాలు కాలంలో పాత మోడళ్లను దించుకోవడం దుకాణాలకు మామూలే. ఏప్రిల్ రద్దీలో తొందరపడి కొనడం కన్నా సెప్టెంబరు, అక్టోబరు దాకా పాతదాన్ని నడిపించుకోవడం లాభం. వాడినది కొంటే ధర బాగా తగ్గుతుంది, కానీ చాలా కంపెనీల ఫ్రేమ్ వారంటీ మొదటి యజమానికే వర్తిస్తుంది.

పర్యావరణం లెక్క కూడా ఒకటుంది. పొరుగు రాష్ట్రం విస్కాన్సిన్‌లోని ట్రెక్ కంపెనీ 2021లో తన సైకిళ్ల తయారీ వల్ల వెలువడే కార్బన్ లెక్క ప్రకటించింది. మార్లిన్ అనే హార్డ్‌టెయిల్‌కు 116 కిలోలు, ఫ్యూయల్ ఈఎక్స్ అనే సస్పెన్షన్ సైకిల్‌కు 153 కిలోలు, తాను లెక్కగట్టిన మోడళ్ల సగటు 174 కిలోలు. కారులో వెళ్లాల్సిన 430 మైళ్లు సైకిల్ మీద వెళ్తే ఆ సగటు బాకీ తీరుతుందని ఆ కంపెనీ చెప్పింది. కారు వెనక సైకిల్ కట్టుకుని పాలోస్ దాకా డ్రైవ్ చేసేవారికి ఆ బాకీ తీరదు. బస్సీ వుడ్స్ బాట మీదుగా ఆఫీసుకో కూరగాయలకో వెళ్లే పాత సైకిల్ దాన్ని తీర్చగలదు. కాబట్టి కొత్తది కొన్నాక కూడా పాతదాన్ని చలికాలపు సైకిల్‌గా ఉంచుకోవడం మంచి ఆలోచన. ఉప్పు తాకిడిని అది భరిస్తుంది, కొత్తది గరాజులో క్షేమంగా ఉంటుంది.

ఇంట్లో చోటు లేకపోతే షికాగోలో వర్కింగ్ బైక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ వదిలేసిన సైకిళ్లను తీసుకుంటుంది. కొన్నింటిని బాగుచేసి తన దుకాణంలో అమ్ముతుంది, ఆ డబ్బుతో మిగతావాటిని ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకు ఓడల్లో పంపుతుంది. 26 అంగుళాల చక్రం, సాదా గేర్లు, ఉక్కు ఫ్రేమ్ ఉన్న పాత మౌంటెన్ బైకును ఎక్కడైనా సులభంగా బాగుచేసుకోవచ్చు. ఇచ్చేముందు వెంట వచ్చే పెడళ్లు, సీటు, లైట్లు విప్పి కొత్త సైకిల్‌కు బిగించుకోవచ్చు, వాటి స్థానంలో కొత్త సైకిల్‌తో వచ్చిన పెడళ్లనూ సీటునూ పాతదానికి పెట్టి ఇస్తే, అందుకున్నవారు ఆ రోజు నుంచే తొక్కగలుగుతారు.